డాబాగార్డెన్స్‌లో వేయించిన మ్యాపు: మిషిగన్ సరస్సు చుట్టూ ఊళ్ళు, తెలుగు అక్షరాల్లో

ఈ ప్రింటింగ్ షాపుకి ఐదుకి నాలుగు స్టార్లు ఇస్తున్నా. ఆ ఒక్కటి ఎందుకు తగ్గించానో కిందకొచ్చాక చెప్తాను, ముందు మంచి రాయాలి. ఎందుకంటే ఇదే పని వైజాగ్‌లో ఇంకో మూడు చోట్ల అడిగితే "మ్యాపు ఫోన్లోనే ఉంటది కదా మేడం, స్క్రీన్‌షాట్ పంపించండి ఫ్లెక్స్ కొట్టిచ్చేస్తాం" అన్నారు. నాకు కావాల్సింది స్క్రీన్‌షాట్ కాదు, గోడకి పెట్టుకునే పెద్ద మ్యాపు, దాని మీద ప్రతీ ఊరి పేరూ తెలుగు అక్షరాల్లో ఉండాలి, ఆ ఊరేమో అమెరికాలో ఉంది. ఈ షాపాయన ఒక్కడే కుర్చీ చూపించి "కూర్చోండమ్మా, ముందు ఎవరు చదవడానికో చెప్పండి" అన్నారు.

షాపు డాబాగార్డెన్స్ మెయిన్ రోడ్డు మీద కాదు, పక్క సందులోకి తిరిగితే మెట్లెక్కి పైన. బోర్డు మీద ఫ్లెక్స్, వినైల్, సన్‌బోర్డ్, ఐడీ కార్డులు, పెళ్ళి కార్డులు అని ఉంటుంది, మ్యాపులు అని ఎక్కడా ఉండదు. ఓనరు పెద్దాయన, అందరూ మాస్టారూ అనే పిలుస్తారు, డీటీపీ చేసే కుర్రాడు పార్వతీపురం సైడు నుంచి వచ్చాడు. బండి పెట్టుకోడానికి చోటుండదు, జగదాంబ దగ్గర దిగి నడిచెళ్ళడమే నయం. లోపల ఏసీ లేదు, ఫ్యాన్ ఉంది, ప్రింటింగ్ మెషిన్ నడుస్తుంటే ఇంక్ వాసన కొడతాది, పడనివాళ్ళు గుమ్మం దగ్గర కూర్చోండి.

ఎవరు చదవడానికంటే మా అమ్మ. 82 ఏళ్ళు, నా దగ్గరే ఎంవీపీ కాలనీలో ఉంటుంది, రెండు కళ్ళకీ శుక్లాలు తీయించాం, పేపర్లో హెడ్డింగులు బాగానే చదువుతుంది గాని ఫోన్లో అక్షరాలు కనపడవు, ఇంగ్లీషు రాదు. మా పాప వాకీగన్‌లో ఉంటుంది, షికాగోకి పైన, సరస్సు ఒడ్డున. రోజూ సాయంత్రం ఫోన్ పెట్టేశాక అమ్మ అడిగే మాట ఒకటే, "ఆ ఊరెక్కడుందే, నువ్వు వేలు పెట్టి చూపిస్తే కనిపించి చావదు." అందుకని ఒక గోడ మ్యాపు వేయిస్తే తనే లేచెళ్ళి చూసుకుంటుంది కదా అనుకున్నా. మొదట్లో ఉద్దేశం అంతే, వాకీగన్, షికాగో, మిల్వాకీ, సరస్సు, నాలుగు పేర్లు.

పేర్లు తెలుగులో రాయడానికి కూర్చుంటే మాత్రం పని పెరిగిపోయింది. స్కోకీ, డొవాజియాక్, ముక్వొనగో, షిప్‌షివానా, ఇవేవీ ఇంగ్లీషు మాటల్లాగా లేవు. పాపని అడిగితే ఒక సంగతి చెప్పింది, తను ఎంఎస్ చేసింది కాన్సస్‌లో, మాన్‌హాటన్ అనే ఊళ్ళో, అక్కడ ఊరు కొంచెం దాటితే పొటవాటమీ కౌంటీ అని బోర్డు ఉండేదట, కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. ఉద్యోగానికి అక్కడనుంచి షికాగో వైపు వచ్చాక వీలింగ్ అనే ఊరి దగ్గర అడవి ఒకటి, దాని పేరు పొటవాటమీ వుడ్స్. "రెండిటికీ మధ్య ఒక రోజంతా కారు డ్రైవింగ్ అమ్మా, ఇద్దరూ ఒకటేనా వేరా" అంది. ఒకళ్ళే.

తెలియనివాళ్ళకి కొంచెం చెప్తాను. పొటవాటమీలు అమెరికా ఆదివాసులు, మిషిగన్ సరస్సు కింది సగం చుట్టూ ఉండేవాళ్ళు, ఇప్పటి మిషిగన్, ఇండియానా, ఇల్లినాయి, విస్కాన్సిన్ రాష్ట్రాలన్నమాట. ఒజిబ్వెలు, ఒడావాలు, పొటవాటమీలు, ఈ ముగ్గురూ అన్నదమ్ముల్లాంటి జాతులు, మూడు నిప్పుల కూటమి అని పేరు, అందులో నిప్పు ఆరిపోకుండా కాపాడే వంతు పొటవాటమీలది, పేరుకి అర్థం కూడా అదే అని చెప్పుకుంటారు. తమని తాము నెష్నాబె అనుకుంటారు, భాష పేరు బొదెవాద్మిమ్వెన్. అల్గాంక్వియన్ కుటుంబం భాష, ఒజిబ్వెకి బాగా దగ్గర. పిల్లల్ని బోర్డింగ్ స్కూళ్ళలో పెట్టి సొంత భాష మాట్లాడితే దండించిన కాలం ఒకటి నడిచింది, దాంతో చిన్నప్పట్నుంచీ ఇంట్లో ఇదే మాట్లాడుతూ పెరిగిన పెద్దవాళ్ళు ఇప్పుడు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందే మిగిలారు. నేర్చుకునే కుర్రాళ్ళు మాత్రం పెరుగుతున్నారు, ఓక్లహోమాలో ఉన్న సిటిజన్ పొటవాటమీ నేషన్ వాళ్ళు ఆన్‌లైన్ డిక్షనరీ పెట్టారు, మాట నొక్కితే వినిపిస్తుంది, నాకు షాపులో అదే ఆదుకుంది.

నేను ఇంట్లో కూర్చుని నలభై పేర్లు, వాటి అర్థాలు టైపు చేసి వాట్సాప్‌లో పంపించా. రెండు రోజులకి మొదటి ప్రూఫ్ వచ్చింది, చూస్తే ఒత్తులన్నీ ఎగిరిపోయాయి. నేను యూనికోడ్‌లో పంపాను, వాళ్ళ డీటీపీ ఫాంట్లు పాతవి, ఒకదాంట్లోంచి ఒకదాంట్లోకి మార్చేటప్పుడు ఒత్తులు ఎక్కడివక్కడ రాలిపోతాయి. పెళ్ళి కార్డుల్లో అయితే పేర్లు తెలిసినవే కాబట్టి చూసి సరిచేసేస్తారు, ఇక్కడ ఏది తప్పో ఏది ఒప్పో కుర్రాడికి ఎలా తెలుస్తుంది. మ్కో అని రాస్తే మకో అని వచ్చింది. వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"మేడం ఇదేటి, మాట మొదట్లోనే మ కింద క వత్తు వస్తాదేటి" అన్నాడు. వస్తుంది నాన్నా, విను అని ఫోన్లో డిక్షనరీ తీసి వినిపించా. మ్కో అంటే ఎలుగుబంటి. ఒజిబ్వెలో అదే మాట మక్వ. చెట్టుని ఒజిబ్వెలో మిటిగ్ అంటే వీళ్ళు మ్టెక్ అంటారు, మొక్కజొన్న అక్కడ మందామిన్, ఇక్కడ మ్దామెన్, అక్కడ అనిషినాబె, ఇక్కడ నెష్నాబె. అంటే ఒత్తి పలకని అచ్చుల్ని ఈ భాష మింగేస్తుంది, హల్లులు ఒకదాని మీదొకటి వచ్చి పడతాయి. చార్లెస్ హాకెట్ అని పేరున్న భాషాశాస్త్రవేత్త యేల్‌లో 1939లో పీహెచ్‌డీ చేసింది ఈ భాష మీదే. కుర్రాడు రెండుసార్లు విని "మనం పట్టణం అనకుండా పట్నం అనీస్తాం కదా మేడం, అలాగన్నమాట" అన్నాడు. నేను ఇంట్లో మూడు రోజులు చదివి అర్థం చేసుకున్నది ఒక్క ముక్కలో చెప్పేశాడు. విశాఖపట్నం అని రోజూ అంటూనే ఉంటాం, మధ్యలో ఒక అచ్చు పోయిందని ఎవరికీ గుర్తుండదు. ఇంకో సంగతి, ఇంత హల్లుల గుంపుని రాయడానికి మన లిపి భలే కుదిరింది. ఇంగ్లీషు అక్షరాల్లో ఎం కే ఓ అని పక్కపక్కన రాస్తే ఎలా పలకాలో చూసేవాళ్ళకి అర్థం కాదు, తెలుగులో మ్కో అని ఒక్క అక్షరం, చదివితే సరిగ్గా అదే వస్తుంది.

ఆ రోజు నుంచి కుర్రాడు నలభై పేర్లూ మళ్ళీ కొత్తగా యూనికోడ్ ఫాంట్‌లోనే చేశాడు, ప్రతీదీ నాకు చదివి వినిపించి, మార్చిన పనికి ఒక్క రూపాయి ఎక్కువ అడగలేదు. డీటీపీకి ముందు చెప్పిన 500 రూపాయలే.

పేరు పెద్దగా, కింద చిన్నగా అర్థం, ఇది నా ఆలోచన. రంగులు మాత్రం మాస్టారి ఆలోచన, పొటవాటమీ మాటల్లోంచి వచ్చిన ఊళ్ళు ఎరుపు, చుట్టాల భాషల్లోంచి వచ్చినవి నీలం, మనుషుల పేర్లు పెట్టినవి ఆకుపచ్చ, జాతి పేరే పెట్టినవి ఊదా. ఇలా విడగొట్టడం వల్ల నేనూ కొన్ని తప్పులు దిద్దుకున్నా. షికాగో పొటవాటమీ మాట అనుకున్నా, కాదు, మయామీ ఇల్లినాయి అనే భాషలో షికాక్వ, అడవి ఉల్లి, ఆ నది ఒడ్డున బాగా మొలిచేదట, కాబట్టి నీలం. మిల్వాకీకి "మంచి నేల" అంటారు కొందరు, "నీళ్ళ పక్కన జనం కూడే చోటు" అంటారు కొందరు, పంచాయితీ ఇంకా తేలలేదు, రెండూ రాయించా. ముక్వొనగోలో మ్కో ఉంది చూశారా, విస్కాన్సిన్‌లో ఊరది, ఎలుగుబంటి చోటు అని చెప్పుకుంటారు. అమ్మది శ్రీకాకుళం కోడలుతనం కాబట్టి "మన ఉద్దానం లాగన్నమాట" అంది, అక్కడ ఎలుగుబంట్లు తోటల్లోకి వచ్చేస్తాయి కదా.

స్కోకీ అంటే బాడవ, చిత్తడి నేల. ఆ ఊరికి అంతకుముందు నైల్స్ సెంటర్ అని పేరు, 1940లో స్కోకీ అని మార్చుకున్నారు. పేరు పెట్టుకునేటప్పటికే పక్కన చిత్తడిని 1933 నుంచి తవ్వి కాలవలూ మడుగులూ చేయడం మొదలెట్టేశారు. మన హార్బరు కూడా ఉప్పుటేటి చిత్తడిని తవ్వి కట్టిందే, 1933లోనే తెరిచారు, మ్యాపు దగ్గర నిలబడి ఈ సంగతి చెప్తే మాస్టారు "మా నాన్న ఆ బురద గురించి చెప్పేవారు" అని చాలాసేపు ఆ కాలం కబుర్లు చెప్పారు. షికాగోలో శాగనాష్ అని ఒక పేట ఉంది, బిల్లీ కాల్డ్‌వెల్ అనే ఆయనకి పొటవాటమీలు పెట్టుకున్న పేరు, అర్థం ఇంగ్లీషువాడు. మన దొర అన్నట్టు.

పాప ఉండే వాకీగన్ సంగతి నాకు అన్నిటికంటే నచ్చింది. మొదట ఆ ఊరిని లిటిల్ ఫోర్ట్ అనేవాళ్ళు, చిన్నకోట. ఊరు పెరిగాక చిన్న అనే మాట ఎవరికీ నచ్చలేదు, 1849లో పేరు మార్చుకున్నారు, మార్చుకుని పెట్టుకున్నదేంటంటే కోట అనే మాటకి పొటవాటమీ మాట. అంటే అర్థం ఉంచుకుని భాష మార్చారు. మనకి ఎస్.కోట ఉన్నట్టు పాపది వట్టి కోట. ఎర్ర రంగులో, అందరికంటే పెద్ద అక్షరాల్లో వేయించా, పక్కన చిన్న ఇల్లు బొమ్మ కుర్రాడే పెట్టాడు.

రంగులేశాక రెండో ప్రూఫ్ వచ్చింది, అదే నన్ను కూర్చోబెట్టేసింది. నేను మొదట చెప్పిన సైజు నాలుగడుగులు మూడడుగులు, సరస్సు, దాని చుట్టుపక్కల వరకే. మాస్టారు ప్రూఫ్ చేత్తో పట్టుకుని అటూ ఇటూ చూసి "ఊదా రంగు ఎక్కడుందమ్మా? వీళ్ళ ఊళ్ళో వీళ్ళ పేరే లేదేటి?" అన్నారు. నిజమే. వుడ్స్ అని, స్టేట్ పార్క్ అని అడవులకీ పార్కులకీ ఉంది గాని, కౌంటీ పేరుగా చూస్తే ఆ నాలుగు రాష్ట్రాల్లో ఒక్కటీ లేదు. పొటవాటమీ కౌంటీలు మూడే, ఒకటి అయోవాలో, ఒకటి కాన్సస్‌లో, ఒకటి ఓక్లహోమాలో, ఇంగ్లీషులో అయోవా వాళ్ళ స్పెల్లింగ్ వేరు కూడా. మూడూ మ్యాపుకి బయటే, ఎడం పక్కకి, కిందకి. తోలేసిన దారి అది.

1830లో అమెరికా ప్రభుత్వం చట్టం చేసింది, తూర్పున ఉన్న జాతుల్ని మిసిసిపీ నది అవతలికి పంపేయాలని. 1833లో షికాగో ఒప్పందం, సరస్సు పక్క నేలంతా పోయింది. కొందరు అయోవాకి, అక్కడనుంచి 1840ల్లో మళ్ళీ కాన్సస్‌కి, వాళ్ళలో కొంతమంది 1867 ఒప్పందం తర్వాత ఓక్లహోమాకి. కదలం అన్నవాళ్ళని సైనికుల్ని పెట్టి నడిపించారు. ఇండియానాలో ప్లిమత్ దగ్గర ట్విన్ లేక్స్ అనే చోట మెనామినీ అనే పెద్ద ఉండేవాడు, నేను ఏ ఒప్పందం మీదా సంతకం పెట్టలేదు, పోను అన్నాడు. 1838 సెప్టెంబర్ 4న 859 మందిని బయల్దేరదీశారు, 660 మైళ్ళు, నవంబర్ 4కి ఇప్పటి కాన్సస్‌లో ఒసావాటమీ దగ్గరికి చేరారు. దారిలో 40 మందికి పైగా పోయారు, ఎక్కువమంది పిల్లలు. చావుదారి అనే పేరు పెట్టుకున్నారు దానికి. ఒసావాటమీ అనే ఊరి పేరు కూడా చూడండి, ఒసేజ్ అనే ఇంకో జాతి పేరున్న ఏరు, పొటవాటమీ పేరున్న వాగు, రెండు పేర్లూ కలిపి తర్వాత కట్టిన పేరు.

ఇంకో పేరు రెండు చోట్లా దొరికింది. వాబాన్సీ అని షికాగో పడమర ఫాక్స్ నది పక్కన ఉండే పెద్ద, ఆ పేరుకి తెల్లవారడం అని అర్థం. ఇల్లినాయిలో అరోరా దగ్గర ఆయన పేరుతో కాలేజీ ఉంది, కాన్సస్‌లో పొటవాటమీ కౌంటీకి ఆనుకునే వాబాన్సీ కౌంటీ ఉంది. ఆ రెండు చుక్కలూ కలిపితే వాళ్ళు వెళ్ళిన దిక్కు వచ్చేస్తుంది.

ఇదంతా చెప్తుంటే డీటీపీ కుర్రాడు మౌస్ వదిలేసి వింటున్నాడు. "మాదీ వలసేనండి" అన్నాడు. వాళ్ళ ఊరి పేరు చివర్న వలస ఉంది. మన ఉత్తరాంధ్రలో ఎన్ని వలసలో కదా, కొత్తవలస జంక్షన్‌లో రైలు ఆగిన ప్రతీసారీ ఆ పేరు వింటాం, ఆమదాలవలస మీదుగా ఎన్నిసార్లు అత్తారింటికి వెళ్ళానో, ఎక్కడినుంచో లేచొచ్చి కొత్తగా ఇళ్ళు కట్టుకున్న జనం ఆ సంగతి పేర్లోనే పెట్టుకున్నారని ఎప్పుడూ ఆలోచించలేదు. "ఎక్కడినుంచొచ్చారో మీవాళ్ళకి తెలుసా" అని అడిగితే "మా తాత చెప్పీవాడండి, మరిచిపోయాను, ఈసారి ఎళ్ళినప్పుడు అడగాలి" అన్నాడు. పొటవాటమీలకి తేడా ఏంటంటే, వాళ్ళ పేరు కొత్త చోటుకి వాళ్ళు పెట్టుకున్నది కాదు, వాళ్ళని తెచ్చి పడేసినవాళ్ళు గీసిన జిల్లాకి పెట్టింది.

అప్పుడు సైజు మార్చాం. నాలుగు నాలుగులు, పదహారు చదరపడుగులు, పైన కుడి పక్క సరస్సు, కింద ఎడం పక్క కాన్సస్, ఓక్లహోమా, మధ్యలో చుక్కల గీతతో దారి. చదరపడుగు 120 చొప్పున 1,920, డీటీపీ 500, టేకు రంగు బీడింగ్ ఫ్రేము 1,800, మొత్తం 4,220. సన్‌బోర్డ్ మీద అంటించి ఇచ్చారు. డిజైన్ మొత్తం మళ్ళీ చేయాల్సొచ్చినా దానికి వేరే లెక్క వేయలేదు, మాస్టారు "తప్పు నాదేనమ్మా, ముందే అడగాల్సింది ఎంతవరకు కావాలో" అన్నారు. ఆయన తప్పేం లేదు, నాకే తెలియదు ఎంతవరకు కావాలో.

ఇక ఆ ఒక్క స్టార్. శనివారం ఇస్తామన్నది బుధవారం ఇచ్చారు, రెండుసార్లు వట్టినే మెట్లెక్కి దిగాను, ఫోన్ చేస్తే ఎత్తరు, వాట్సాప్ చేస్తేనే పలుకుతారు. ఫ్రేముకి అద్దం వద్దని చెప్పినా వేసేశారు, ట్యూబ్‌లైట్ దాంట్లో పడి అమ్మకి సగం ఊళ్ళు కనపడలేదు, వెనక్కి తీసుకెళ్తే అద్దం తీసి మ్యాట్ లామినేషన్ చేశారు, దానికి ఇంకో 250 పట్టారు, అది నాకు నచ్చలేదు. అన్నిటికంటే పెద్దది, ఇల్లినాయిలో షబోన అనే ఊరు శోభన అని ప్రింటయిపోయింది. ప్రూఫ్‌లో సరిగ్గానే ఉంది, ఆఖర్లో ఎవరో చూసి అచ్చుతప్పు అనుకుని దిద్దేశారు. పైన చిన్న వినైల్ ముక్క అంటించి సరిచేశారు, రంగు కొంచెం తేడా తెలుస్తుంది. మామూలు ఊరయితే ఊరుకునేదాన్ని. షబోన ఊరుకోగలిగిన పేరు కాదు.

షబోన, వాళ్ళ పలుకులో షాబెనే, ఒక పొటవాటమీ పెద్ద. 1829 ఒప్పందంలో ఆయనకి 1,280 ఎకరాలు ఇల్లినాయిలోనే రాసిచ్చారు. 1849లో కాన్సస్‌లో ఉన్న తనవాళ్ళని చూసి రావడానికి వెళ్ళాడు, తిరిగొచ్చేసరికి ఖాళీ నేల అని చెప్పి ప్రభుత్వం వేలం వేసేసింది. 1849, వాకీగన్‌కి పొటవాటమీ పేరు పెట్టుకున్న సంవత్సరమే. ఒక ఊరు వాళ్ళ మాటని ముచ్చటపడి పేరుగా తీసుకుంది, అదే ఏడు అదే రాష్ట్రంలో వాళ్ళ మనిషి కాళ్ళ కింద నేల అమ్మేశారు. ఈ రెండూ పక్కపక్కన వేసింది నేను చదివిన చోట ఎక్కడా లేదు, మ్యాపు మీద ఇద్దరికీ ఒకే సంవత్సరం టైపు చేస్తుంటే కుర్రాడే "రెండూ నలభై తొమ్మిదేనా మేడం, తప్పేమో చూడండి" అన్నాడు. తప్పు కాదని చూసి చెప్పాను. 2024లో ఆ నేలలో దాదాపు 130 ఎకరాలు కాన్సస్‌లో ఉన్న ప్రెయిరీ బాండ్ అనే పొటవాటమీ శాఖకి, తిరిగి వాళ్ళ అధికారం కిందకి వచ్చాయి.

గోడకి పెట్టి పది రోజులైంది. అమ్మ పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని దాని ముందు నిలబడుతుంది, ఒక్కో పేరూ కూడబలుక్కుని పైకి చదువుతుంది, మొదటి రోజు వాకీగన్ దగ్గర వేలు పెట్టి "ఇదిగో నా మనవరాలు" అంది. మూడో రోజు చుక్కల గీత వెంట వేలు జరుపుకుంటూ కాన్సస్ దాకా వెళ్ళింది, ఇది రైలు పట్టాలా అని అడిగింది. కాదు, ఇలా జరిగింది అని చెప్పాను.

అమ్మ పుట్టిల్లు ఇప్పుడు లేదు. స్టీల్ ప్లాంట్‌కి తీసుకున్న ఊళ్ళలో వాళ్ళదొకటి, గాజువాక అవతల, మా మావయ్యకి నేల పోయినవాళ్ళకిచ్చే ఆర్ కార్డు ఇచ్చారు, కాలనీలో సైటు ఇచ్చారు, కొలిమిలో ఉద్యోగం వచ్చి రిటైరయ్యాడు. అమ్మ అంతా విని చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అడిగింది, "వాళ్ళకి కార్డులిచ్చారా?"

డబ్బులిస్తామని కాగితాల మీద రాశారమ్మా, నేలకి బదులు నేల అన్నారు, ఆ నేల కూడా కొన్నాళ్ళకి మళ్ళీ తగ్గించేశారు అన్నాను. షబోన సంగతి, 130 ఎకరాల సంగతి చెప్పాను. "ఎన్నేళ్ళకి?" అంది. 175. వేళ్ళ మీద లెక్క వేసుకుంటున్నట్టు కాసేపు చెయ్యి ఆడించింది. "ఆ నేల మీద పేరు వాళ్ళదే ఉందా మరి?" ఉందమ్మా, షబోన అనే ఉంది. వెళ్ళి ఆ వినైల్ ముక్క మీద గోరుతో తడిమింది. "ఇది ఊడిపోతాదే, గట్టిగా అంటించమను."

అందుకే నిన్న మళ్ళీ షాపుకి వెళ్ళాను. ఆ ఒక్క ముక్కా తీసేసి పలక మొత్తం కొత్తగా కొట్టిస్తానని మాస్టారు ఒప్పుకున్నారు, ఈసారి డబ్బులు అడగలేదు, అది జరిగితే వచ్చి ఐదు చేస్తాను. ఇంకో ఆర్డరు కూడా ఇచ్చొచ్చా. పాత సర్వే ఆఫ్ ఇండియా షీటు ఒకటి సంపాదించాను, స్టీల్ ప్లాంట్ రాకముందుది, దాంట్లో అమ్మ ఊరు ఉంది, ఇంగ్లీషు అక్షరాల్లో, చెరువుతో సహా. దాన్ని పెద్దది చేసి పేర్లన్నీ తెలుగులో వేయాలి. అందులో కొన్ని పేర్లు ఎలా పలకాలో నాకూ తెలియదు, మాస్టారికీ తెలియదు. ఆదివారం కుర్రాడు మా ఇంటికొస్తానన్నాడు, ల్యాప్‌టాప్ తెచ్చుకుని, అమ్మ చెప్తుంటే టైపు చేసుకుంటాడట.

మీరు వెళ్తే పదకొండు దాటాక వెళ్ళండి, అంతకుముందు తాళం తీయరు. పేర్లు యూనికోడ్‌లోనే ఇవ్వండి, ప్రూఫ్ కాగితం మీద తీయించుకుని ప్రతీ పేరు పైకి చదవండి, ఫోన్లో చూసి ఓకే చెప్పొద్దు. అద్దం వద్దంటే బిల్లు మీద రాయించండి.